బీరువాలో మరుగుపడిన సీసాలు

నారింజ తొక్కను దీపం దగ్గర పెట్టి రెండు వేళ్ళతో నొక్కితే చిటపటమని మిణుగురుల వంటి మెరుపులు లేస్తాయి. చిన్నతనంలో ఈ ఆట ఆడనివారు అరుదు. తొక్కలోని సన్నని తిత్తులలో దాగిన తైలం తుంపరగా చిమ్మి మంట తగలగానే వెలిగిపోతుంది. కోవెలలో హారతి కర్పూరం వెలిగినప్పుడు, తలుపులకు రంగు వేసే పనివాడు టర్పెంటైన్ సీసా మూత తీసినప్పుడు, జలుబు చేసినవాడు నీలగిరి తైలం వాసన చూసినప్పుడు, సానమీద మంచిగంధం అరగదీసినప్పుడు మన ముక్కుకు సోకే వాసనలు ఒకదానితో ఒకటి పోలికలేనివి. అయినా ఈ ద్రవ్యాలన్నీ ప్రధానంగా ఒకే వంశానికి చెందినవి. వీటి కూర్పులో ఒక లెక్క ఉన్నదని, ఆ లెక్క ఐదు అనే అంకెమీద నడుస్తున్నదని మొదట గుర్తించిన పండితుడు ఒట్టో వాలఖ్. జర్మనీ దేశస్థుడు. 1910లో రసాయన శాస్త్రానికి నోబెల్ బహుమానం పొందినవాడు. కళాశాలలో రసాయన శాస్త్రం చదివే విద్యార్థి ఆయన పేరును ఒక పాఠంలో ఒక పంక్తిలో చూసి ముందుకు సాగిపోతాడు. ఆ పంక్తి వెనుక దాదాపు నలభై ఏళ్ళ ఓపిక ఉన్నది.

వాలఖ్ 1847 మార్చి 27వ తేదీన తూర్పు ప్రష్యాలోని కోనిగ్స్‌బెర్గ్ పట్టణంలో జన్మించాడు. తత్త్వవేత్త కాంట్ పుట్టి, పెరిగి, కన్నుమూసిన ఊరది. నేడు కలీనిన్‌గ్రాడ్ అనే పేరుతో రష్యాలో ఉన్నది. తండ్రి గెర్హార్డ్ వాలఖ్ ప్రష్యా ప్రభుత్వోద్యోగి. వారిది పూర్వం యూదులై ఉండి, తరువాత లూథరన్ క్రైస్తవం స్వీకరించిన కుటుంబం. తండ్రి ఉద్యోగరీత్యా సంసారం స్టెటిన్‌కు, అక్కడినుండి పాట్స్‌డామ్‌కు మారింది. బదిలీలంటే ఏమిటో మన ఉపాధ్యాయులకు ఒకరు చెప్పనక్కరలేదు. పాట్స్‌డామ్‌లో బాలుడు చదివిన పాఠశాల ప్రాచీన భాషలకు, సాహిత్యానికి పేరుపడ్డది. అక్కడ రసాయన శాస్త్రానికి చోటు బహు తక్కువ. అతనికి సాహిత్యమన్నా, చిత్రకళా చరిత్ర అన్నా ఎంతో మక్కువ. ఆ మక్కువ కడదాకా వదలలేదు. అయితే బడి విడిచి ఇంటికి రాగానే ఒక మూల కూర్చుని తనంతట తాను రసాయన ప్రయోగాలు చేసుకునేవాడు. బడిలో చెప్పని చదువే అతని బ్రతుకుతెరువు అయింది.

1867లో వాలఖ్ గోటింగెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ రసాయన శాస్త్రానికి పెద్దదిక్కు వోలర్ మహాశయుడు. జంతుదేహంలో మాత్రమే పుడుతుందని అందరూ అనుకునే యూరియాను 1828లో ప్రయోగశాలలో తయారుచేసి, జీవపదార్థాలకూ జడపదార్థాలకూ నడుమ ఉన్న గోడకు మొదటి కన్నం పెట్టినవాడు ఆయనే. మధ్యలో కొన్నాళ్ళు బెర్లిన్ వెళ్ళి హాఫ్‌మన్ వద్ద చదివి, వాలఖ్ మళ్ళీ గోటింగెన్ చేరుకున్నాడు. వోలర్ ప్రయోగశాలలో ఉదయం 7 గంటలకు పని మొదలయ్యేది. సాయంకాలం 5 గంటలు కొట్టగానే గ్యాసు ఆపివేసేవారు. దీపాలు ఆరిపోయేవి. తక్కిన విద్యార్థులు ఇళ్ళకు పోగా, వాలఖ్ తన డబ్బుతో కొన్న కొవ్వొత్తులు వెలిగించి మిగిలిన పని పూర్తిచేసుకునేవాడు. సాధారణంగా ఎనిమిది అర్ధసంవత్సరాలు పట్టే డాక్టరు పట్టాను ఐదింటిలోనే, 1869లో సంపాదించాడు. అప్పటికి అతని వయస్సు 22.

మరుసటి సంవత్సరం బాన్ నగరంలో కేకులే దగ్గర చేరాడు. బెంజీన్ అణువులో ఆరు కర్బన పరమాణువులు వలయంగా చేయి చేయి పట్టుకుని నిలిచి ఉన్నాయని చెప్పిన మహామేధావి కేకులే. కాని శిష్యుడు కుదురుకునేలోపల ఫ్రాన్సుతో యుద్ధం వచ్చింది. సైన్యంలోకి పోవలసి వచ్చింది. యుద్ధం ముగిసిన పిమ్మట బెర్లిన్‌లో ఒక రంగుల కర్మాగారంలో ఉద్యోగం చూసుకున్నాడు. అక్కడి విషవాయువులు ఒంటికి పడలేదు. ఆరోగ్యం దెబ్బతిని, 1872లో తిరిగి బాన్ వచ్చి విశ్వవిద్యాలయంలో సహాయకుడుగా చేరాడు. ఆ కర్మాగారపు గాలి పడి ఉంటే ఆయన రంగుల వ్యాపారంలోనే స్థిరపడి ఉండేవాడేమో! 1876లో ఆచార్య పదవి దక్కింది.

1879లో ఆయన కోరని పని ఒకటి నెత్తిన పడింది. మందుల తయారీ నేర్చుకునే విద్యార్థులకు పాఠం చెప్పే పీఠం ఆయనకు అప్పగించారు. తనకు అంతగా పరిచయం లేని విషయాన్ని బోధించవలసి వచ్చిన ఉపాధ్యాయుడు ఏమి చేస్తాడు? ముందు తాను చదువుకుంటాడు. వాలఖ్ అదే చేశాడు. ఆ రోజులలో మందుల కొట్లలో సుగంధ తైలాలకు పెద్ద పీట. సోంపు, నీలగిరి, నిమ్మ, టర్పెంటైన్, సీమ జీలకర్ర, పుదీనా, ఇట్లా మొక్కలను ఆవిరిలో బట్టీపట్టి తీసిన తైలాలు ఎన్నో. వీటిలో అసలు ఏమున్నదని విద్యార్థి అడిగితే సరిగా చెప్పగలవారు ఆనాడు లేరు.

కేకులే ప్రయోగశాలలో ఒక బీరువా ఉండేది. దానినిండా సుగంధ తైలాల సీసాలు. సుమారు 15 ఏళ్ళుగా వాటి మూతలు తీసినవారు లేరు. కేకులే తానే ఈ తైలాలలోని ద్రవ్యాలకు టర్పీన్లు అనే పేరుపెట్టినవాడు. కొంత పరిశోధన తలపెట్టి, చిక్కులు చూసి పక్కన పెట్టేశాడు. మన బడులలో కూడా అటువంటి బీరువాలు ఉంటాయి. సరుకుల పట్టీలో ఉంటాయిగాని పిల్లల చేతికి రావు. వాలఖ్ ఆ సీసాలు తనకు ఇమ్మని అడిగాడు. గురువుకు నమ్మకం కలుగలేదు. వాటినుండి ఏమైనా రాబట్టగలిగితే నిరభ్యంతరంగా తీసుకొమ్మన్నాడు గాని, ఆ మాటలో కొంత వ్యంగ్యం లేకపోలేదు.

గురువు సందేహం అకారణం కాదు. ఈ తైలాలలో ఏ ఒక్కటీ శుద్ధమైన ద్రవ్యం కాదు. ప్రతి తైలమూ అనేక ద్రవ్యాల మిశ్రమం. ఆ ద్రవ్యాలు చాలావరకు 10 కర్బన పరమాణువులు, 16 ఉదజని పరమాణువులు కలిగినవే. కూర్పు ఒకటే అయినప్పుడు విశ్లేషణ చేసి ఏమి లాభం? పన్నెండు తైలాలను విశ్లేషిస్తే పన్నెండుసార్లూ అదే జవాబు వస్తుంది. అవి మరిగే ఉష్ణోగ్రతలు కూడా దగ్గరదగ్గరగా ఉండటంవల్ల బట్టీపట్టి విడదీయడం కష్టం. పైగా ఇవి బహు చంచలమైనవి. కొంచెం ఆమ్లం తగిలినా, కొంచెం వేడి ఎక్కువైనా ఒకటి మరొకటిగా మారిపోతాయి. దానితో పరిశోధకులు ఏ మొక్కనుండి తైలం తీస్తే ఆ మొక్క పేరు పెట్టుకుంటూ పోయారు. నారింజనుండి వచ్చినది హెస్పెరిడీన్, నిమ్మనుండి వచ్చినది సిట్రీన్, సీమ జీలకర్రనుండి వచ్చినది కార్వీన్. పేర్లు పెరిగాయి, జ్ఞానం పెరగలేదు.

వాలఖ్ ఈ అడవిలోకి ప్రవేశించినది ఏ గొప్ప సిద్ధాంతమూ చేతపట్టుకుని కాదు. ఆయన ఎంచుకున్న ఉపాయం చాలా సామాన్యమైనది. ద్రవాలను పోల్చి చూడటం కష్టం. ఘనపదార్థాలను, అందులోనూ స్ఫటికాలను పోల్చడం సులభం. కనుక ప్రతి టర్పీనునూ ఏదో ఒక చర్యకు గురిచేసి స్ఫటికంగా మార్చాలి. స్ఫటికాలను కడిగి, మళ్ళీ మళ్ళీ కరిగించి శుద్ధిచేయవచ్చు. శుద్ధమైన స్ఫటికం ఒక నిశ్చితమైన ఉష్ణోగ్రత వద్దనే కరుగుతుంది. అది మనిషికి వేలిముద్ర వంటిది. బ్రోమిన్, హైడ్రోజన్ క్లోరైడు, నైట్రోసిల్ క్లోరైడు, ఈ మూడూ ఆయనకు ప్రధాన సాధనాలు. ఇవి కొత్తగా ఆయన కనిపెట్టినవి కావు; నైట్రోసిల్ క్లోరైడును టర్పీన్లమీద అంతకుముందే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు టిల్డెన్ ప్రయోగించి చూశాడు. కాని ఒక పద్ధతిగా, ఒక వ్రతంగా, ప్రతి తైలానికీ ఇదే పరీక్ష పెట్టినవాడు వాలఖ్. టర్పీన్లమీద ఆయన మొదటి వ్యాసం 1884లో లీబిగ్ పేరుమీద వెలువడే పత్రికలో అచ్చయింది. అదే వరుసలో ఆ తరువాత వచ్చినవి నూరుకు పైబడ్డాయి.

ఫలితాలు చూడండి. హెస్పెరిడీన్, సిట్రీన్, కార్వీన్ అనే మూడు ద్రవ్యాలూ బ్రోమిన్‌తో కలిసినప్పుడు ఒకే స్ఫటికాన్ని ఇచ్చాయి. అది సుమారు 104 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరిగేది. అంటే నారింజలోనూ, నిమ్మలోనూ, సీమ జీలకర్రలోనూ ఉన్నది ఒకటే ద్రవ్యమన్నమాట. దానికి లిమొనీన్ అనే పేరు నిలిచింది. కాని డైపెంటీన్ అనే మరొక ద్రవ్యం ఉండేది. అన్ని విధాలా లిమొనీన్‌ను పోలినదే అయినా, దాని బ్రోమిన్ స్ఫటికం 125 డిగ్రీల దగ్గరకు పోతేగాని కరిగేది కాదు. ఇది వేరే ద్రవ్యమా, కాదా? ఇక్కడ వాలఖ్ చేసిన ప్రయోగం ఎంత సులువైనదో అంత అందమైనది. లిమొనీన్‌లో రెండు రకాలున్నాయి. నారింజలోనిది కాంతి కిరణపు తలాన్ని కుడివైపుకు తిప్పుతుంది. సూదియాకుల చెట్ల తైలంలో దొరికేది ఎడమవైపుకు తిప్పుతుంది. కుడిచేతికి, ఎడమచేతికి ఉన్న సంబంధమే వీటికీ ఉన్నది. రెండింటి స్ఫటికాలూ విడివిడిగా 104 డిగ్రీల వద్దనే కరుగుతాయి. వాలఖ్ ఆ రెండింటినీ సమభాగాలుగా తీసుకుని ఒకే ద్రావకంలో కరిగించి మళ్ళీ స్ఫటికీకరింపజేశాడు. అప్పుడు వచ్చిన స్ఫటికం 125 డిగ్రీల దగ్గర కరిగింది! డైపెంటీన్ ప్రత్యేక ద్రవ్యం కాదు. కుడి, ఎడమ లిమొనీన్‌ల జోడి అని తేలిపోయింది.

ఈ విధంగా పేర్ల అడవి నరికి, నిజంగా వేరువేరైన టర్పీన్లు ఎనిమిదింటిని దాటవని మొదట లెక్కతేల్చాడు. పైనీన్, కాంఫీన్, లిమొనీన్, ఫెలాండ్రీన్ మొదలైనవి ఆ జాబితాలోనివి. ఆ జాబితాలో ఒక తప్పు కూడా దొర్లింది. సిల్వెస్ట్రీన్ అనే ద్రవ్యం పైన్ చెట్ల తైలంలో సహజంగా ఉన్నదని వాలఖ్‌తోపాటు అందరూ నమ్మారు. 1910 నుండి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో రసాయన శాస్త్రాచార్యుడుగా ఉండి, అటు తరువాత డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలోను, బెంగుళూరు విజ్ఞాన సంస్థలోను పనిచేసిన సైమన్‌సెన్ భారతదేశపు టర్పెంటైన్‌ను పరీక్షించి, అందులో ఉన్నది కారీన్ అనే వేరొక టర్పీను అని చూపాడు. స్ఫటికం చేయడానికి హైడ్రోజన్ క్లోరైడు పట్టించినప్పుడు ఆ కారీనే మారిపోయి సిల్వెస్ట్రీన్ రూపం ధరిస్తున్నది. అంటే చెట్టులో లేని ద్రవ్యాన్ని పరీక్షే సృష్టించింది. వాలఖ్ పద్ధతికి బలం ఎక్కడ ఉన్నదో బలహీనత కూడా అక్కడే ఉన్నది. ఈ సంగతి ఆయన కీర్తిని తగ్గించదుగాని, చెప్పకుండా దాటవేస్తే చరిత్ర కాదు.

ఇక ఐదు లెక్క సంగతి. 1860లో గ్రెవిల్ విలియమ్స్ అనే ఇంగ్లీషు రసాయనవేత్త రబ్బరును గట్టిగా కాచి, దానినుండి తేలికగా ఆవిరయ్యే ఒక ద్రవాన్ని రాబట్టి, దానికి ఐసోప్రీన్ అని పేరు పెట్టాడు. దాని అణువులో 5 కర్బన పరమాణువులు, 8 ఉదజని పరమాణువులు. నాలుగు కర్బనాలు వరుసగా నిలిచి ఉండగా, ఐదవది కొమ్మవలె పక్కకు చీలి ఉంటుంది. టర్పీన్లలో 10, 16 అయితే దీనిలో సరిగ్గా సగం. వేడిచేస్తే రెండు ఐసోప్రీన్‌లు కలిసి డైపెంటీన్ అవుతున్నాయని ఫ్రాన్సులో బుషార్దా అంతకుముందే గమనించాడు. టర్పెంటైన్ ఆవిరిని కాలుతున్న గొట్టంలో పంపి టిల్డెన్ తిరిగి ఐసోప్రీన్ రాబట్టాడు. ఇవన్నీ విడివిడి సంగతులు. వీటిని తన స్ఫటికాల పక్కన పెట్టి చూసి, టర్పీను అణువులను ఐసోప్రీన్ ముక్కలు కలిసి ఏర్పడినవిగా భావించవచ్చునని 1887లో వాలఖ్ సూచించాడు. దీనినే ఐసోప్రీన్ సూత్రం అంటున్నారు.

మన ఛందస్సు తెలిసినవారికి ఈ సూత్రం సులభంగా బోధపడుతుంది. కంద పద్యంలో గణం ఏదైనా నాలుగు మాత్రలే. అయినా ఆ గణాలను కూర్చే తీరునుబట్టి లెక్కలేనన్ని పద్యాలు పుట్టినవి, ఇంకా పుడుతున్నవి. మొక్కలు చేసే కవిత్వంలో గణానికి ఐదు కర్బనాలు. రెండు గణాలు కలిస్తే నారింజ వాసన, కర్పూరం, పిప్పరమెంటు పువ్వు. మూడు కలిస్తే గంధపుచెక్కలోని పరిమళం. నాలుగు కలిస్తే పత్రహరితపు అణువుకు వెనుక వేలాడే తోక. ఎనిమిది కలిస్తే క్యారెట్టుకు, పండిన మామిడికి ఎరుపు పసుపు వన్నెలిచ్చే రంగులు. వేలకువేలు కలిస్తే రబ్బరు. వాలఖ్ చూసినది ముఖ్యంగా రెండు గణాల పద్యాలను మాత్రమే. తక్కినవి తరువాతివారు చదివారు.

1889లో ఆయనను గోటింగెన్‌కు పిలిచారు. విక్టర్ మేయర్ ఖాళీచేసిన పీఠం అది. ఒకనాడు కొవ్వొత్తి వెలుతురులో పనిచేసిన ఊరికే రసాయన సంస్థకు అధ్యక్షుడుగా తిరిగివచ్చి, 1915 వరకు ఆ పదవిలో ఉన్నాడు. వివాహం చేసుకోలేదు. ప్రయోగశాల, శిష్యులు, కొంత చిత్రకళ, అంతే ఆయన లోకం. అణువుల బొమ్మలు గీయడంలో ఆయన చాలా జాగ్రత్తపరుడు. కర్పూరం అణువు రూపాన్ని 1893లో బ్రెడ్ట్, పైనీన్ రూపాన్ని 1894లో రష్యాకు చెందిన వాగ్నర్ సరిగా ఊహించారు. బేయర్ వంటి దిగ్గజం కూడా అదే రంగంలో దిగాడు. పునాది వేసినవాడు గోపురం కట్టలేదేమని అడిగేవారికి నా సమాధానం ఒకటే. పునాది కదలకుండా ఉండబట్టే ఆ గోపురాలు నిలిచాయి.

ఆయన తేల్చిన విషయాలను సుగంధ తైలాల పరిశ్రమ అందిపుచ్చుకున్నది. తైలం స్వచ్ఛమైనదా, కల్తీదా అని తెలుసుకునే మార్గం దొరికింది. ఒక టర్పీనును మరొకదానిగా మార్చే కిటుకులు బయటపడ్డాయి. నేడు మన హారతి పళ్ళెంలో వెలిగే కర్పూరంలో ఎక్కువ భాగం కర్పూర వృక్షంనుండి వచ్చినది కాదు. టర్పెంటైన్‌లోని పైనీన్‌ను మార్చి కర్మాగారంలో చేసినదే. 1909లో ఆయన తన పరిశోధనలన్నిటినీ కూర్చి టర్పీన్లు, కర్పూరాలు అనే పెద్ద గ్రంథం ప్రకటించి, దానిని తన శిష్యులకు అంకితమిచ్చాడు. మరుసటి సంవత్సరమే నోబెల్ బహుమానం వచ్చింది. ఆ ఏడు రసాయన శాస్త్ర బహుమానం ఆయన ఒక్కడికే. ఆ శిష్యులలో ఒకడు ఇంగ్లండునుండి వచ్చిన హావర్త్. విటమిన్ సి నిర్మాణం తేల్చినందుకు హావర్త్‌కు 1937లో అదే బహుమానం లభించింది. దానిని పంచుకున్న రెండవవాడు కారర్. అతడు పరిశోధించినది క్యారెట్టు రంగుల గురించి, అంటే ఎనిమిది గణాల పద్యాల గురించి.

ముసలితనంలో కష్టం వచ్చిపడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన సహాయకులు ఆరుగురు మరణించారు. తన గ్రంథాన్ని శిష్యులకే అంకితమిచ్చినవానికి ఆ దెబ్బ ఎటువంటిదో ఊహించుకోవచ్చు. 1915లో పదవినుండి విరమించుకున్నాడు. 1931 ఫిబ్రవరి 26వ తేదీన గోటింగెన్‌లోనే, 83వ ఏట కన్నుమూశాడు. మరి రెండేళ్ళకు, 1933లో, యూదు మూలాలున్న ఆచార్యులను అదే విశ్వవిద్యాలయం నుండి వెళ్ళగొట్టారు. ఆ దుర్దినాలు ఆయన చూడలేదు.

ఆయన జవాబు చెప్పక విడిచిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఐదేసి కర్బనాల లెక్క నిజంగా మొక్క పాటించే లెక్కా, లేక మనం బొమ్మ గీసుకున్న తరువాత దానిమీద చూసుకునే గీతలా? కాగితంమీద అణువును ఎట్లాగైనా విడగొట్టవచ్చు. మొక్క కూడా అట్లాగే కలుపుతున్నదని ఏమిటి నిదర్శనం? జూరిచ్‌లో రూజిచ్కా అనే పండితుడు ఈ సూత్రాన్ని పెద్ద అణువులకు వర్తింపజేసి, 1953లో దానికి జీవక్రియల అర్థం చెప్పాడు. బ్లాక్, లీనెన్ మొదలైనవారు ఆనవాలు పట్టగల కర్బన పరమాణువులను జీవులకు ఆహారంగా ఇచ్చి, అవి ఎక్కడ తేలుతున్నాయో వెంబడించారు. పులుపుకు మూలమైన ఎసిటిక్ ఆమ్లపు ముక్కలు మూడు కలిసి, 1956లో కనుగొన్న మెవలోనిక్ ఆమ్లం మీదుగా ఐదు కర్బనాల ఇటుక తయారవుతున్నదని తేలింది. ఆ ఇటుక ఐసోప్రీన్ కాదు. ఫాస్ఫేటు పిడి తగిలించుకున్న దాని దగ్గరి బంధువు. పిడి ఉన్నది గనుకనే ఒకదానికి ఒకటి అతుక్కోగలుగుతున్నది. బ్లాక్, లీనెన్‌లకు 1964లో నోబెల్ బహుమానం వచ్చింది. లెక్క నిజమైనదే.

అంతటితో కథ ముగిసిందని అందరూ అనుకున్నారు. బాన్‌లోని బీరువా తలుపు మూసినట్టే ఈ తలుపు కూడా మూశారు. కాని ఒక చిక్కు మిగిలింది. మెవలోనిక్ ఆమ్లాన్ని ఆకులకు అందించినప్పుడు కొన్ని ద్రవ్యాలలోకి అది బాగా చేరుతున్నది. క్యారెట్టు రంగులలోకి, పత్రహరితపు తోకలోకి మాత్రం సరిగా చేరటంలేదు. హరితరేణువు గోడ దాటి లోపలికి పోలేకపోతున్నదేమోనని సర్దిచెప్పుకున్నారు. ఆ సర్దుబాటు చాలాకాలం నడిచింది. 1993లో ఫ్రాన్సులో రోమెర్ బృందం కొన్ని బాక్టీరియాలలో ఆ ఇటుకలు వేరే దారిన తయారవుతున్నాయని ప్రకటించింది. రూజిచ్కాతో కలిసి పనిచేసిన అరిగోనీ బృందం కూడా జూరిచ్‌లో ఇదే దారి పట్టింది. 1996లో జర్మనీలో లిఖ్టెన్‌థాలర్, అతని సహచరులు రోమెర్‌తో కలిసి, సీనడెస్మస్ అనే పచ్చనాచుకు ఆనవాలు పెట్టిన గ్లూకోజు ఇచ్చి పరీక్షించారు. ఆ నాచులో అన్నీ రెండవ దారినే వస్తున్నాయి. మరుసటి సంవత్సరం మొక్కలలోనూ చూపారు.

రెండవ దారిలో ఎసిటిక్ ఆమ్లం లేదు, మెవలోనిక్ ఆమ్లం లేదు. పైరూవిక్ ఆమ్లం ఒకటి, మూడు కర్బనాల చక్కెర ఫాస్ఫేటు ఒకటి కలిసి, ఒక కర్బనాన్ని బొగ్గుపులుసు వాయువుగా విడిచిపెట్టి, ఐదు కర్బనాల అణువుగా మారుతాయి. అక్కడినుండి అంచెలంచెలుగా అదే ఇటుక తయారవుతుంది. భూమిమీది సాధారణ మొక్కలకు రెండు దారులూ ఉన్నాయి. పాత దారి ప్రధానంగా కణద్రవంలో నడుస్తుంది. స్టెరాల్స్ వంటివి, గంధంవంటి పదిహేను కర్బనాల పరిమళాలలో చాలావరకు అక్కడివి. కొత్త దారి హరితరేణువులలోను, వాటి జాతివే అయిన రంగులేని రేణువులలోను నడుస్తుంది. పచ్చనాచులు పాత దారిని పూర్తిగా వదిలివేశాయి. మన శరీరానికి పాత దారే తెలుసు, కొత్తది లేదు. మలేరియా క్రిమికి మాత్రం కొత్తది ఉన్నది. దానిని మూసివేసే మందు ఆ క్రిమిని చంపగలదని 1999లో జర్మనీ శాస్త్రజ్ఞులు చూపారు.

విలియమ్స్ రబ్బరును కాచి తీసిన ఆ ఐసోప్రీన్ కూడా ఆకులలో ఉన్నది. ఎండ కాసే వేళ ఎన్నో జాతుల చెట్లు దానిని గాలిలోకి విడుస్తున్నాయని 1957లో జార్జియా దేశపు శాస్త్రజ్ఞుడు సనాద్జె గమనించాడు. భూమిమీది చెట్లు ఏటా విడిచేది సుమారు 50 కోట్ల టన్నులని అంచనా. అదీ హరితరేణువులలోని రెండవ దారినే పుడుతున్నది. వాలఖ్ బ్రోమిన్ పట్టించి 104 డిగ్రీల వద్ద కరిగించి చూసిన నారింజ తొక్క లిమొనీన్ పుట్టేదీ ఆ దారినే. తొక్కలోని తైలపు తిత్తి చుట్టూ ఉన్న కణాలలో, పత్రహరితం లేని రంగులేని రేణువులలో, రెండు ఐదులు కలిసి పది అవుతున్నది.